మీథేన్ కోసం మడవ తెరిచాను

భూగోళాన్ని కాపాడబోయి పక్కవాళ్ళ కోత ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. నవ్వండి, పరవాలేదు. మా కోవూరు వైపు ఇప్పటికీ నవ్వుతున్నారు.

కోడలిగా వచ్చిన కొత్తల్లో నా కాలేజీ చదువు గంజి పెట్టిన చీరలా ఫెళఫెళలాడేది.

"అత్తా, గాలిలోని కార్బన్‌ను వరి ఆకు పీల్చుకుని గింజ చేస్తుంది. అది తిని మనం ఊపిరిగా మళ్ళీ గాలికే వదులుతాం. ఇంతవరకూ బాధ లేదు. కానీ నిలవ నీళ్ళ కింద బురద కుళ్ళితే అదే కార్బన్ మీథేన్‌గా పైకిపోయి భూమిని మరీ వేడెక్కిస్తుంది."

"మన మడిలోనించా?" అత్త బుగ్గన వేలు పెట్టుకుంది. "ఏం చేయాల మరి?"

"అప్పుడప్పుడూ నీళ్ళు తీసేసి ఆరనివ్వాలి."

"మీ మామ ఊర్నించి రానీ, అడుగుదాం."

మామ వచ్చేదాకా భూగోళం ఆగుతుందా చెప్పండి? తెల్లారగానే పార తీసుకుపోయి గట్టుకున్న మడవ తెరిచాను. నీళ్ళు బుద్ధిగా బయటికి పోతుంటే, ధ్రువాల మంచు మొత్తం నాకు దండం పెడుతున్నట్టు మురిసిపోయాను. అవి ఎటు పోతున్నాయో మాత్రం చూడలేదు. కింది మడి రమణక్కది. పంట పండి, నేల ఆరి, మధ్యాహ్నానికి కోత మిషను రావాల్సిన మడి.

మిషను వచ్చింది. దిగింది. టైర్లు కూరుకుపోయి బర్రెలా కూలబడింది. పైన చూస్తే నల్లమబ్బు. వాన పడితే రమణక్క ఇంట్లో ఏడాది తిండి నేలపాలు.

"ఎవురు తెరిచినారు మడవ?" రమణక్క గట్టు మీదికొచ్చింది.

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "నేనే మే. కళ్ళు సరిగా ఆనక తెరిచేసినా."

"సూదిలో దారం ఎక్కిస్తావు, ఇంత మడవ ఆనలేదా నీకు?"

"అత్త కాదక్కా, నేనే. మీథేన్ కోసం."

"ఆయనెవురు?"

జవాబు చెప్పే తీరిక లేదు. కొడవళ్ళు పట్టుకుని అందరం మడిలో దిగాం. నేను కోసిన చోట ఎలుకలు కొరికినట్టుంది. ఆఖరి మోపు కప్పు కిందికి చేరాక వాన మొదలైంది.

రమణక్క నా అరచేతుల బొబ్బలు చూసి, తన తలగుడ్డ విప్పి నా నెత్తిన కప్పింది. "మిషను తిరగలా, డీజిలు కాలలా. నీ భూమి చల్లబడిందా మే?"

ఇంటికొచ్చాక అత్త బొబ్బలకు కొబ్బరినూనె రాస్తూ మెల్లగా అడిగింది. "ఆ గాలి సంగతి నిజమేనా?"

"నిజమే అత్తా."

"అయితే మీ మామకు నేను చెప్తాలే. నువ్వు చెప్తే కొట్లాటవుతాది."

వాదించడం మానేస్తానని ఒట్టు పెట్టలేను, అది నా ప్రాణం. కానీ పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఎంత గొప్ప శాస్త్రమైనా సరే, కింది మడి వాళ్ళను అడిగాకే పార పడతాను.