మ్యూజియంలో ఇసుర్రాయి

కువైట్ యుద్ధం ఆగాక వచ్చిన రెండో శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. సౌదీలో అభా ఊరి అంచున, మమ్మల్ని పనికి తెచ్చుకున్న మా కఫీల్ రాతి ఇంట్లో, మాతో గదిలో ఉండే జగిత్యాల మనిషి ఇసుర్రాయి ముందు కూర్చున్నాడు. ఇసిరే పనిని అతను చెడగొట్టాలి. చెడగొడితేనే ఇంటికి పోతాడు.

ఆ ఇల్లు కఫీల్ తాతది. గోడలు మేమే సరిచేశాం. లోపల ముసలమ్మలెవరో వచ్చి ఎర్రటి, పచ్చటి గీతలతో గోడలంతా రంగులు దిద్దిపోయారు. కఫీల్ అందులో నాగళ్లు, తోలు సంచులు, వెండి సొమ్ములు పేర్చి మ్యూజియం అన్నాడు. శుక్రవారం వస్తే మాకు బజారు ఒకటి, అదొకటి. నేను బజారుకు తక్కువ పోయాను. ఆ రోజుల్లో నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు, ముసలితనంలో నేర్చుకున్నాను. చదువుకున్నవాళ్లు వస్తువు పక్కన రాసిపెట్టిన చీటీ చూసి ముందుకు నడిచేవాళ్లు. నేను వస్తువు ముందు నిలబడేవాణ్ని. అక్కడ అద్దం వెనుక పెట్టిన కొడవలి లాంటిదే మా ఇంట్లో చూరులో ఉంది.

అంతకుముందు ఎవరైనా చూడ్డానికి వస్తే ఒక యెమెన్ ముసలాయన జొన్నలు ఇసిరి చూపించేవాడు. యుద్ధం వచ్చే ముందు యెమెన్ వాళ్లను పంపేశారు, ఆయనా పోయాడు. ఇసరడం ఎవరికి వచ్చని కఫీల్ అడిగితే మా జగిత్యాల అతను చెయ్యెత్తాడు. చిన్నప్పుడు తల్లి మణికట్టు విరిగితే ఆమెకు ఎదురుగా కూర్చుని ఇసిరాడట. గదిలో మావాళ్లు వదల్లేదు.

"చీర గూడ కట్టమను నీ కఫీల్ను."

"నీ పెండ్లాం ఎందుకు పోయిందో ఇప్పుడు సమజైంది. ఇంట్ల ఇద్దరాడోళ్లు ఎట్లుంటరు?"

భార్య పుట్టింటికి పోయిన మాట నిజం. ఉగాది వెళ్లాక పంచాయితీ, మనిషి వస్తే కలుపుతాం, రాకుంటే తెంపుతాం అని చుట్టీ దొరికి ఊరికి పోయి తిరిగొచ్చినవాడు కబురు తెచ్చాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది. పెద్ద ఆఫీసర్లు మ్యూజియం చూసి పోనీ, తర్వాత చుట్టీ ఇస్తానన్నాడు.

నేను అతనికి ఉన్నమాట చెప్పాను. "తమ్మీ, మంచి పనోణ్ని ఏ కఫీలూ పంపడు. చేతగానోణ్నే పంపుతడు. ఒక్కసారే పిడికెడు జొన్నలు పొయ్. రాయి పట్టుకుంటది. వీనికి రాదని తిట్టి ఇంటికి తోలుతడు."

"తిడుతడేమో అన్నా."

"తిడితే పడు. పెండ్లాం గావాల్నా, వద్దా?"

"గావాలె" అన్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసర్లు చుట్టూ నిలబడ్డారు. పక్క ఊరి వైమానిక స్థావరం నుంచి విమానాలు ఇంకా పోతూనే ఉన్నాయి. ఒకటి పోయేదాకా అందరూ పైకి చూశారు. తర్వాత కిందికి, అతని వైపు చూశారు. అతను నేను చెప్పినట్టే పిడికెడు జొన్నలు పోశాడు. రాయి కీచుమని ఆగిపోయింది. కఫీల్ మొహం మాడింది.

ఒక ఆఫీసర్ నవ్వి, మాకూ అర్థం కావాలని హిందీలో అన్నాడు. "ఇస్‌కో కుచ్ నహీ ఆతా." వీడికేమీ రాదు.

అక్కడ ఆగితే అయిపోయేది. నేను కళ్లతో వద్దంటూనే ఉన్నాను. అతను నా వైపు చూడలేదు. పైరాయి ఎత్తి, గింజలు తుడిచి, రాయి మళ్లీ కూర్చోబెట్టాడు. చిటికెడు, చిటికెడు వేస్తూ తిప్పాడు. తల్లి పాడిన పాట కూడా ఎత్తుకున్నాడు. రాయి చుట్టూ పిండి తెల్లగా వరుస కట్టింది. నవ్విన ఆఫీసరే వంగి పిండి వేళ్ల మధ్య నలిపి మాషా అల్లా అన్నాడు.

తర్వాత తాడు పేనడం. దానికి కూర్చున్న సిరిసిల్ల పిలగాడికి నిజంగానే రాదు. తాడు మూడుసార్లు విడిపోయింది. వాడు ఇంటికి పోవాలని ఎన్నడూ అనలేదు, వచ్చి ఏడాది కూడా నిండలేదు. వారం తిరక్కుండా వాడి పాస్‌పోర్టు మీద, ఇక తిరిగి రాకుండా, ఎగ్జిట్ కొట్టారు. "నేనేం పాపం జేసిన అన్నా?" అంటూ వ్యాన్ తలుపు పట్టుకుని వేలాడాడు. కఫీల్ డ్రైవరు వాడి వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశాడు.

జగిత్యాల అతను చుట్టీ అడిగితే కఫీల్ భుజం తట్టాడు. "సఫర్ మాఫీ. నువ్ పోతే ఎవరు ఇసురుతరు?" అని సగం అరబ్బీలో, సగం హిందీలో చెప్పాడు. ప్రయాణం లేదు. పంచాయితీ తెంపింది. ఆమెను ఇంకొకరికి ఇచ్చారని కబురొచ్చిన రోజు కూడా ఎవరో చూడ్డానికి వచ్చారు. అతను ఇసిరాడు.

గదిలో మావాళ్లు ఓదార్చబోయారు. నేను ఓదార్చలేదు. "ఒక్క నవ్వు ఓర్సుకోలేకపోతివి" అన్నాను.

"నవ్వింది నిన్ను గాదు గదన్నా" అన్నాడు. మళ్లీ ఆ మాట నేనెత్తలేదు.

ఆఫీసర్లు వచ్చిన ఆనాడు అక్కడ ఉన్నవాళ్లు: మా కఫీల్, ఆయన డ్రైవరు, నవ్విన ఆఫీసర్, నవ్వని ఆఫీసర్లు ముగ్గురు, టీ పోసిన బంగ్లాదేశ్ మనిషి, తాడు పేనిన సిరిసిల్ల పిలగాడు, గోడకు ఆనుకున్న నేను, ఇసుర్రాయి ముందు అతను.