కన్ను లేని ఉడుత

శిరీన్‌కు కుదురు లేదని ఎర్రగుంట్ల లారీ షెడ్లలో అందరికీ తెలుసు. అన్నం ముందు కూచున్నా ఆమె వేళ్లు కంచం అంచును గోకుతూనే ఉంటాయి. చిన్నప్పటి నుంచి తండ్రి పీర్ బాషా పక్కన నిలబడి లారీలకు రంగులేసిన వేళ్లు అవి. తామరలు, నెమళ్లు, పులులు ఆయన గీస్తాడు. ఆమె రంగు నింపుతుంది. సిమెంటు మోసే బండ్ల మీద ఆ బొమ్మలన్నీ ఏ ఊళ్లకో పోతుంటాయి. తనదంటూ ఒక్క పని మాత్రం ఇంతవరకు షెడ్డు దాటలేదు.

ఇప్పుడు ఒకటి దొరికింది. నందికొట్కూరు బట్టలంగడి గోవిందయ్య కొడుకు తేజేశ్వర్ ఆడే వీడియో గేములోని చేతిపట్టీ అది. లోకం కాలిపోయాక నేలకింద దాక్కుని బతికినవాళ్ల కథ ఆ గేము. కొత్త భాగం వచ్చినప్పుడల్లా ఊళ్లు ఇంకాస్త బూడిదవుతాయి. పైకి వచ్చిన ప్రతి మనిషి ముంజేతికీ ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దారి, దప్పిక, గాలిలోని విషం దాని పచ్చటి తెరమీదే కనిపిస్తాయి. తెర పక్కన టోపీ పెట్టుకున్న ఉడుత. నేలకింద ఇండ్లు కట్టి అమ్మిన కంపెనీ గుర్తు. అన్నీ మాడిపోయినా అది నవ్వుతూనే ఉంటుంది.

హైదరాబాదులో ఆ గేము వేషాల పోటీ. దానికి కట్టుకుపోయే పట్టీని శిరీన్ చెయ్యాలి. "కొత్తదాని మాదిరి ఉండకూడదక్కా. నూరేండ్లు ఎండలో పడున్నట్టుండాల" అన్నాడు తేజేశ్వర్ ఫోన్లో.

శిరీన్ పాత డ్రమ్ము రేకు వంచింది. పాత సెల్‌ఫోనును తెరగా బిగించింది. ఉప్పునీళ్లు చల్లి, ఎండకు పెట్టి, తుప్పును పసిబిడ్డలా సాకింది. ఉడుతను గీసి, బాగా ఆరినాక, ఒక కన్నునూ సగం నవ్వునూ గీకేసింది. మిగిలిన ఆ సగం నవ్వు ఆమెను నిలవనిచ్చేది కాదు. లేచి రోడ్డుదాకా పోయి, మళ్లీ వచ్చి చూసుకునేది.

తేజేశ్వర్ వచ్చిన రోజు స్టేషనుకు తానే పోయి పిలుచుకొచ్చింది. షెడ్డులో పీర్ బాషా బ్రష్షు కడుగుతున్నాడు. బల్లమీద పట్టీ తళతళ మెరుస్తోంది. తుప్పు మీద ఎర్రరంగు, అంచుకు పసుపు తీగ, ఉడుతకు నిండు నవ్వు, రెండు కండ్లు.

"తొందర్లో కన్ను మర్సిపోయినావు అమ్మీ. నేను పెట్టినా. శానా బాగుండాది కదా?"

కన్ను లేని మొహం షెడ్డు దాటితే బండికి దారి తెలియదని ఆయనకు పని నేర్పిన ఉస్తాదు మాట. పీర్ బాషా ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ మాట దాటలేదు.

"లోకం కాలినాక కట్టుకునేదా మామా ఇది, పెండ్లికి కట్టుకునేదా?" నవ్వబోయిన తేజేశ్వర్ శిరీన్ మొహం చూసి ఆగాడు. "సాయంత్రం రైలుకే హైదరాబాదు పోవాలక్కా."

ఆమె రంగు కరిగించే థిన్నరు డబ్బా, గుడ్డ తీసుకుంది. చెయ్యి ముందుకు పోలేదు. తండ్రి గీసిన గీతను ఆమె ఎప్పుడూ చెరపలేదు.

"నేను మర్సిపోలేదు అబ్బా. నేనే తీసేసినా."

"యాడన్నా కన్ను తీస్తారా? దీన్ని కట్టుకున్న పిల్లోనికి ఏమన్నా అయితే?"

"ఊళ్లు కాలేది చూసిన కన్ను అబ్బా అది. ఇంకేం చూడాల? కన్నుంటే ఇది నీ పని. లేకుంటే నాది."

రోడ్డు మీద లారీలు దుమ్మును లేపుకుంటూ పోతున్నాయి. పీర్ బాషా చేతులు తుడుచుకుని పట్టీని అందుకున్నాడు. దాచేస్తాడేమో అనుకుంది శిరీన్. ఆయన దాన్ని రెండు చేతులతో బల్లకు అదిమి పట్టాడు.

"రంగు పచ్చిగా ఉండాది. ఆరకముందే తుడుపు. నేను చూడను." మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

ఆమె థిన్నరులో ముంచిన గుడ్డను కన్ను మీద పెట్టింది. నలుపు సాగి చెంప మీదికి జారింది. ఆయన వేళ్లు అదిరాయి.

"అయిపాయనా?"

"ఇంకా లేదు" అంది శిరీన్. "గట్టిగా పట్టుకో అబ్బా."