ఎల్బో కింద చీర పీలిక

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. నేను ప్లంబర్‌ని. గోడలో గుడగుడమని చప్పుడొస్తే పైపులో గాలి పట్టిందని అర్థం. ఎవరూ తిప్పకుండా నల్లా కారుతుంటే వాషర్ అరిగిందని అర్థం. భయపడి ఫోన్ చేసిన వాళ్ల ఇళ్లకు వెళ్లి, లోలోపల నవ్వుకుంటూ బాగుచేసి వచ్చినవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను చూసీ అలాగే నవ్వుతారు.

మాది వరంగల్‌లో కరీమాబాద్. నేనూ మా తమ్ముడు సంపత్ కలిసి పని చేసేవాళ్లం. గోడలో గాడి కోసి, పైపు బిగించి, పైన ప్లాస్టరింగ్ అయిపోతే ఇక ఆ పైపు ఎవరికీ కనపడదు. మళ్లీ ఎప్పుడైనా గోడ తీస్తే మాత్రం అది ఎవరి పనో మాకు తెలిసిపోతుంది. పైపు వేసే తీరు చేతిరాత లాంటిది, ఒకరిది ఇంకొకరికి రాదు.

సంపత్‌కు ఒక పిచ్చి అలవాటు ఉండేది. పైపు మలుపు తిరిగే చోట ఎల్బో వేస్తాం కదా, దాని కింద అమ్మ పాత చీరలోంచి చింపిన పీలికను నాలుగు మడతలు పెట్టి దోపేవాడు. మేస్త్రీ తాపీ తగిలినా ఎల్బో పగలదని వాడి నమ్మకం. గుడ్డ చెమ్మ పట్టి గోడ పాడవుతుందిరా అని నేను తిట్టేవాణ్ణి. వింటేగా.

ఒక మేడారం జాతరకు, వాగు ఒడ్డున స్నానాల నల్లాలు బిగించే పనికి వాడు వెళ్లాడు. తోటివాళ్లంతా తిరిగొచ్చారు. వాడు రాలేదు. మైకుల్లో పేరు పిలిపించాం, పోలీసులకు ఫొటో ఇచ్చాం, దవాఖానాలన్నీ తిరిగాం. తర్వాతి జాతరకు వెళ్లి వెతికాం, ఆ తర్వాతి జాతరకూ వెళ్లాం. ఇంటికి కొత్త రంగు వేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, వాడొస్తే ఇల్లు గుర్తుపట్టలేడని.

అదంతా అయ్యాక ఒకరోజు హసన్‌పర్తి దారిలోని ఒక ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఇంటావిడ బస్సు కండక్టరు. కొత్త ఇల్లు, గృహప్రవేశం తోరణాలు కూడా ఇంకా తీయలేదు. సంపత్ తప్పిపోయిన చాలా కాలానికి పునాది పడిన ఇల్లన్నమాట. వంటింటి గోడకు చెమ్మ దిగుతోంది.

"ప్లాస్టరింగ్‌కు ముందు మా ఆయన పైపులన్నీ ఫొటోలు తీసి పెట్టిండన్నా, జర చూడుండ్రి" అని ఫోన్ చేతికిచ్చింది. మంచి పని, అందరూ చేయాల్సిన పని. ఫొటో చూసుకుని, గీజరు వేసి వేడినీళ్లు వదిలి, అరచేయి గోడకు ఆనించాను. వెచ్చదనం ఎటు పోతే పైపు అటు పోతున్నట్టు. ఎల్బో ఎక్కడుందో దొరికింది. ఎండ వంటింట్లోకి బాగా పడుతోంది, నా చూపులో తప్పేమీ లేదు.

ఉలి పెట్టి కొడితే సిమెంటు పెళ్ల ఊడి వచ్చింది. ఎల్బో కింద నాలుగు మడతల పీలిక. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు, పట్టలేని సంతోషం. వాడు బతికే ఉన్నాడు, ఈ ఊళ్లోనే పని చేసుకుంటున్నాడు అనుకున్నాను. ఈ ఇంటికి పైపులు వేసిందెవరని అడిగితే, ఒక పెద్దాయన నంబరిచ్చింది. నాకు తెలిసిన మనిషే, ఫోన్ చేశాను. "గుడ్డలు పెట్టుడు నాకు అలవాటు లేదు తమ్మీ. ఆ ఇంట్ల నేనొక్కన్నే చేసిన" అన్నాడు.

ఆవిడ ఫోన్‌లో ఆ ఫొటో మళ్లీ తెరిచి, పెద్దది చేసి చూశాను. అదే ఎల్బో, పక్కన అదే వంకర మేకు. కింద ఎర్ర ఇటుక స్పష్టంగా కనిపిస్తోంది. గుడ్డ లేదు. ఫొటో తీసిన వెంటనే మేస్త్రీ గోడ మూశాడనీ, తన భర్త అక్కడే నిలబడి ఉన్నాడనీ ఆవిడ చెప్పింది. కానీ గుడ్డ అంచుకు సిమెంటు కరుచుకుని గట్టిపడి ఉంది. తడి సిమెంటులో ఉంటేనే అలా పడుతుంది.

ఇంకో సంగతి. ఎల్బో పగల్లేదు. జాయింట్లన్నీ గట్టిగా ఉన్నాయి. ఆ చెమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు దొరకలేదు. నేను ఊరికే మూసి వచ్చాక ఆ గోడ మళ్లీ తడవలేదు.

పీలిక తెచ్చి అమ్మకు చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి, చింపిన చోట ఆ పీలికను ఆనించింది. చిరుగు చిరుగుకు సరిపోయింది.

"నా చీరనే. అంటే వాడు పని చేత్తాండన్నట్టే గదా బిడ్డా?"

అప్పటి నుంచి గోడ తీసిన ప్రతిచోటా ఎల్బో కింద వేలు పెట్టి చూస్తున్నాను. ఇటుక, ఇసుక, అంతే. వాడు ఉన్నాడని చెప్పడానికి వచ్చిన గుర్తో, ఇక లేడని చెప్పడానికి వచ్చిన గుర్తో, అసలు అది ఆ గోడలోకి ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

అమ్మ ఇప్పుడు మంచం దిగడం లేదు. ఒకసారి ఆ చీరలోంచే ఇంకో పీలిక చింపి, దొరికిందని చెబుదామనుకున్నాను. పెట్టె దాకా వెళ్లాను గానీ చెయ్యి రాలేదు.

సాయంత్రం నేను సంచి దించగానే అడుగుతుంది, "ఇయ్యాల గోడ తీసినవా?" అని.

"తీసిన అమ్మా. ఉట్టి పైపే."

"రేపు మంచిగ చూడు" అని అటు తిరిగి పడుకుంటుంది.