హీరో చీర, మామ మీసం

సినిమా వార్తను మొదట నమ్మినవాడు ప్రొద్దుటూరోడు, నమ్మి ఇంకొకరికి చెప్పినవాడు జమ్మలమడుగోడు, విని ఏడ్చినవాడు పులివెందులోడు అని మా పక్క ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించింది నేనే కాబట్టి దానికి సాక్షినీ నేనే. మద్రాసులో హీరోకి తుమ్మొస్తే ప్రొద్దుటూరులో జలుబు, జమ్మలమడుగులో టైఫాయిడ్, పులివెందుల చేరేసరికి పదకొండో రోజు భోజనాలు. వార్త బస్సులో వచ్చేది మరి. బస్సు ఆగినచోటల్లా ఒకరు దిగి ఇద్దరెక్కినట్టు, వార్తలోనూ ఒక ముక్క దిగితే రెండు ముక్కలెక్కేవి.

కాలం కూడా అట్లాంటిదే. రాజధాని కర్నూలు అని మేం నోటికి అలవాటు చేసుకునేలోపే అది హైదరాబాదుకు పోతాందన్నారు. రాజధానే మూటాముల్లె సర్దుకొని పోయే రోజుల్లో, ఫలానా హీరో ఫలానా సినిమా తీస్తాండాడంటే ఎవడు నమ్మాల? అందుకని మేం ఏదీ నమ్మేవాళ్లం కాదు. నమ్మకుండానే అదే మాట పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకునేవాళ్లం.

ఆ మాటలన్నీ సినిమాహాలు పక్క సెలూన్‌లో జరిగేవి. నేనప్పుడు బట్టలకొట్లో గుడ్డ కొలిచే పనిలో ఉన్నా. కొలత ఎట్లున్నా, చెప్పే కథకు మాత్రం నా దగ్గర గజంబద్ద ఉండేది కాదు. నేను నోరు తెరిస్తే సగం అబద్ధమనీ, మూస్తే మిగతా సగమనీ సెలూన్ ఆయప్ప అనేవాడు. ఆయప్ప ఒక హీరో పార్టీ. మేం ఇంకొక హీరో పార్టీ. పేర్లు రాయను. రాస్తే ఇప్పటికీ ఒక వీధిలో నాకు టీ పోయరు.

మా పార్టీకి పెద్ద ఎవరంటే మామ. ఆయన మగ్గం మీద చీరలు నేసి మా కొట్టుకు తెచ్చేవాడు. ఊరంతటికీ మామే, నాకూ మామే. ఆయన మీసం గురించి చెప్పాల. రెండు పక్కలా బుగ్గల దాకా పోయి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు పైకి తిరిగేది. అది సోకు కోసం పెంచింది కాదు. చిన్నప్పుడు కోడెదూడ కొమ్ము తగిలి పైపెదవి చీలితే, కుట్టినాయన గోనెసంచి కుట్టినట్టు కుట్టి పంపించినాడు. మీసం మొలిచేదాకా వీధిలో పిల్లోళ్లు ‘మొర్రోడా’ అని పిలిచినారంట. మీసం వచ్చినాక పిలిచినవాడు లేడు. ఆ మీసం కింద ఏముందో తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు మా అత్త, అంటే మామ భార్య. రెండోవాడు మీసం కత్తిరించే సెలూన్ ఆయప్ప. వేరే పార్టీవాడైనా మామ తన మూతిని ఆయనకు తప్ప ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. పార్టీ వేరు, పెదవి వేరు.

ఒకరోజు మామ కుర్చీలో కూర్చొని చెంపలకు సబ్బు పూయించుకుంటాన్నాడు. మద్రాసు నుంచి సరుకు తెచ్చే బంగారంగడి గుమాస్తా వచ్చి, చేతిసంచి ఇంకా కిందపెట్టకనే మొదలుపెట్టినాడు.

“మామా, మీ హీరో అరవ సినిమా ఒకటి మళ్లీ తెలుగులో తీస్తాండాడంట.”

“తీసిన సినిమా మళ్లీ తీసేదేంది? ఒండిన కూడే మళ్లీ ఒండుతారా యాడన్నా?”

“సద్దికూటికి తిరగమాత పెడతారు గదా మామా,” అన్నాడు సెలూన్ ఆయప్ప.

గుమాస్తా గొంతు తగ్గించినాడు. “ఆ అరవ సినిమా నేను చూసినా. దాంట్లో హీరో సగం సినిమా చీర కట్టుకొనే తిరుగుతాడు. దుర్మార్గుని ఇంట్లో దూరేదానికి ఆడమనిషి యేసం.”

మామ అద్దంలోనే గుమాస్తాను చూసినాడు. “నువ్వు పోయినసారి మద్రాసు సముద్రంలో నీళ్లు తీపంటివి.”

“అది వీడు చెప్పింది,” అని గుమాస్తా నన్ను చూపించినాడు. నిజమే, అది నేను చెప్పిందే.

“మా హీరో చీర కట్టడు.”

“కడితే?”

మామ సబ్బు నురగతోనే లేచి నిలబడినాడు. “కట్టినాడంటే, ఇదో ఈ కుర్చీలోనే కూర్చొని, ఈ మీసం ఆయప్ప కత్తికి ఇచ్చేస్తా. నలుగురి ముందర.”

గెలిచేది తన పార్టీ కాబట్టి సెలూన్ ఆయప్ప ఎగిరి గంతేస్తాడనుకున్నా. ఆయన మెల్లగా, “మీసం వద్దులే మామా, ఇంకేమన్నా చెప్పు,” అన్నాడు. భయపడినాడనుకొని మామ ఇంకా గట్టిగా చెప్పినాడు. అంతటితో పందెం కుదిరిపోయింది.

ఆ తర్వాత నెలలన్నీ అనుమానాలే. సినిమా పత్రిక వస్తే హీరో బొమ్మను వెలుతురుకు పట్టి చూసేవాళ్లం, వెనకాల కొంగేమన్నా కనపడుతుందేమోనని. గోడమీద పోస్టరు పడింది. దాంట్లో హీరో పిడికిలి బిగించి ఉన్నాడు. మామ దాని ముందర ఒక పూటంతా నిలబడి తృప్తిగా ఇంటికి పోయినాడు. “పోస్టర్లో చీర ఎవడేస్తాడు, పెండ్లిచూపుల్లో తిట్లెవరు తిడతారు,” అన్నాడు సెలూన్ ఆయప్ప. మళ్లీ తృప్తి పోయింది.

నేను ఊరికే ఉండకుండా, మద్రాసు నుంచి మా కొట్టుకు ఒక చీరకు ఆర్డరొచ్చిందనీ, మామూలు మనిషికి చాలదు, ఇంకొక బారెడు పొడవు కావాలన్నారనీ చెప్పినా. మామ నన్ను పక్కకు పిలిచి, “ఎవరి మగ్గం మీదుండాది అది?” అని అడిగినాడు. “నీ మగ్గం మీదున్నదే,” అన్నా. ఆ పొద్దు మామ మగ్గం దిగి, నేసిన కాడికి బద్ద పెట్టి కొలుచుకొని, మళ్లీ ఎక్కలేదు. అత్త మా ఇంటికొచ్చి మా అమ్మ ముందరే నన్ను తిట్టింది.

సినిమా వచ్చింది. మొదటి ఆటకే సంగతి తేలిపోయింది. చీర ఉండాది. సగం సినిమా కాదు, ఒక్క రీలు మాత్రమే. కానీ పందెం కొలతల మీద కాదు కదా.

మామ సినిమాకు పోలేదు. “ఈ హాల్లో ఆపరేటరు మీ పార్టీవాడు. యాడిదో ఆడమనిషి ముక్క తెచ్చి అతికించినాడు. నేను చూడను,” అన్నాడు. “జమ్మలమడుగు డేరా టాకీసులో పడనీ. ఆ ఊరోళ్లు న్యాయమైన మనుషులు. ఆడ చూసి చెప్తా.”

రెండు పార్టీలూ సరే అన్నాయి. సినిమా ప్రొద్దుటూరులో దిగి జమ్మలమడుగు టూరింగ్ టాకీసుకు పోయేలోపు అత్త ఒకసారి మా కొట్టుకొచ్చింది. గుడ్డ చూస్తున్నట్టు చూస్తా, “నిద్దట్లో కూడా చెయ్యి మూతి మీదే పెట్టుకొని పడుకుంటాండాడప్పా. అన్నం తినేటప్పుడు గోడపక్కకు తిరుగుతాండాడు. పెండ్లయిన కొత్తలో అట్లుండె. మళ్లీ ఇప్పుడు. మీ సినిమా పాడుగాను,” అంది. ఆమె గుడ్డేమీ కొనలేదు.

జమ్మలమడుగు డేరాలో మిషను తిప్పేవాడు నాకు చిన్నాయన కొడుకు వరుస. సినిమా కంటే ముందు నేనే పోయి వాణ్ని పట్టుకున్నా.

“ఆ చీర రీలు ఎయ్యొద్దురా.”

“ఒక రీలు తీసేస్తే కథేం కావాలన్నా?”

“మన సినిమాల్లో ఒక రీలు పోతే ఎవనికి తెలుస్తాదిరా?”

వాడు ఆలోచించి, అదీ నిజమే అన్నాడు.

ఆట రోజు మామ, అత్త, నేను, సెలూన్ ఆయప్ప, గుమాస్తా అందరం జమ్మలమడుగు పోయినాం. డేరాలో నేలమీద ఇసుక సర్దుకొని కూర్చున్నాం. అత్త తడికకు అవతల ఆడోళ్ల వైపు. చీర రీలు రావాల్సిన చోట హీరో దుర్మార్గుని గేటు ముందర నిలబడినాడు. రెప్ప వేసేలోపు హీరోయిన్ చెయ్యి పట్టుకొని గేటు బయట పరిగెత్తుతాండాడు. జనం ఒక గడియ గింజుకున్నారు. “గోడ దూకినాడులేప్పా,” అని ఒక ముసలాయన తీర్పు చెప్తే, అందరూ ఒప్పుకొని ఈలలేసినారు.

మామ ఈల వెయ్యలేదు. చీర కనపడనందుకు అందరికంటే ఎక్కువ కంగారు పడింది ఆయనే. తెరవైపు, మిషను వైపు, చివరికి నా వైపు చూసినాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ రాత్రి అత్త చెల్లెలింట్లో పడుకొని పొద్దున బస్సెక్కినాం. అత్త ముందర ఆడోళ్ల సీట్లో కూర్చుంది. మేం వెనకాల. సెలూన్ ఆయప్ప శానాసేపు కిటికీలోంచి పెన్న ఇసుక చూస్తా కూర్చొని, ఉన్నట్టుండి గుమాస్తాతో అన్నాడు.

“చీర లేదంటే లేదులే. ఉన్నా అదేం చీరకట్టప్పా. మన ఊర్లో చూసినాం గదా, మీ హీరోకి పైట వేసేది కూడా రాదు. కుడి పైట ఏసుకున్నాడు.”

“కుడి యాడప్పా?” అన్నాడు మామ. “ఎడమ పైటే. పైట బాగానే ఏసినాడు. కుచ్చిళ్లే తిరగేసి దోపినాడు.”

మామ పుట్టినకాడి నుంచి చీరతోనే బతికిన మనిషి. ప్రాణం మీదికొచ్చినా చీరకట్టు తప్పు చెప్తే ఊరుకోలేడు. సెలూన్ ఆయప్పకు ఆ సంగతి మా అందరికంటే బాగా తెలుసు.

“నువ్వు మా ఊర్లో సినిమా చూళ్లేదు గదా మామా,” అన్నాడు గుమాస్తా.

మామ చెయ్యి మూతి మీదికి పోయింది. అప్పుడు ముందు సీట్లోంచి అత్త నవ్వు వినపడింది. మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేక.

“ఎందుకు చూళ్లేదప్పా. నా పక్కనే కూర్చొని చూసినాడు. ఆడోళ్ల బెంచీలో. నా చీర కట్టుకొని.”

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపినాడు.

“మీసం కనపడకూడదని పైట పండ్లతో కరిచిపట్టుకున్నాడు, సినిమా అయ్యేదాకా. పక్కనుండే ముసలామె, ఈ బిడ్డకు పంటినొప్పా అమ్మా, లవంగం పెట్టకూడదా అని ఒకటే అడగడం. ఇంక కుచ్చిళ్ల మాటంటారా, ఈయప్ప కూడా తిరగేసే దోపుకున్నాడు. నేనే సరిచేసినా.”

బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరు బండిని రోడ్డు పక్కకు తీసి ఆపుకొని మరీ నవ్వినాడు. మామ కూడా నవ్వుతాడేమోనని చూసినా. ఆయన నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, “చూసినా. కట్టినాడు. మాటంటే మాటే. ఆదివారం వస్తా,” అన్నాడు. అత్త నవ్వు అక్కడ తెగిపోయింది. ఆమెకప్పుడు గుర్తొచ్చిందనుకుంటా, తాను దేన్ని బయటపెట్టిందో.

కథ మాతో కలిసి ప్రొద్దుటూరులో దిగి, ఇంకొక బస్సెక్కి తొండూరు దాటింది. పులివెందుల చేరేసరికి, ప్రొద్దుటూరులో ఎవరో మగ్గమాయన హీరో పక్కన హీరోయిన్‌గా యాక్ట్ చేసినాడనీ, రెండో సినిమా కోసం ఆదివారం మీసం తీయించుకుంటాండాడనీ అయ్యింది. ఇందులో నా చెయ్యి లేదు. నేను ఏదో చిన్న పాత్ర వేసినాడని మాత్రమే అన్నా, హీరోయిన్ అన్లేదు.

ఆదివారం పులివెందుల నుంచి బస్సు నిండా వచ్చినారు. సెలూన్ చిన్నది. రోడ్డు మీద నిలబడినారు, ఎదురంగడి మెట్ల మీద నిలబడినారు. సెలూన్ ఆయప్ప పొద్దున్నుంచి ఒక్కొక్కరికీ గడ్డం గీస్తానే ఉన్నాడు. మామ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అత్త లోపలికి రాలేదు. రోడ్డుకు ఆపక్క మొహం తిప్పుకొని నిలబడింది.

సెలూన్ ఆయప్ప మామ మీసానికి సబ్బు పూసినాడు. తోలుపట్టా మీద కత్తి అటూ ఇటూ తిప్పినాడు. మామ కళ్లు మూసుకున్నాడు. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి మూతి మీదికి లేవబోయి, మళ్లీ ఒళ్లోకే పోయింది.

కత్తి మీసం దాకా వచ్చింది. ఆగింది. సెలూన్ ఆయప్ప దాన్ని వెలుతురుకు పట్టి చూసి, బొటనవేలు మీద ఆనించి చూసినాడు.

“మామా, కత్తికి పదును ల్యా. రేపు రా.”

మామ కళ్లు తెరిచినాడు. పులివెందులాయన ఒకడు, “ఏందప్పా, ఇప్పుడే గదా నాకు నున్నగా గీస్తివి,” అని అడ్డం తిరిగినాడు.

“నీ గడ్డానికే పోయింది పదును. అది గడ్డమా, తుమ్మకంపా?”

జనం ఆయన గడ్డం వైపు తిరిగి నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే సెలూన్ ఆయప్ప మామ మూతి మీది సబ్బును తుండుగుడ్డతో తుడిచేసినాడు, మెల్లగా, మీసం వెంట్రుక కూడా పక్కకు జరగకుండా.

మామ మాట తప్పే మనిషి కాదు. మరునాడు పోయినాడు. కత్తి సాన పట్టేదానికి ఇచ్చినానన్నాడు ఆయప్ప. ఆ మరునాడూ పోయినాడు. సాన పట్టినవాడు సరిగ్గా పట్టలేదన్నాడు. అట్లా పోయినప్పుడల్లా “వచ్చినా” అని మామ కూర్చునేవాడు. “ఇంకా కుదర్లేదు మామా” అని ఆయప్ప చెంపలు గీసి, మీసం కొసలు కత్తిరించి పంపేవాడు. నాకు అనుమానం. ఒకసారి ఆయప్ప టీకి పోయినప్పుడు ఆ కత్తి కిందకు ఒక నూలుపోగు తీసుకపోయినా. కత్తి తగలకముందే పోగు తెగింది. ఇది మాత్రం మీరు నమ్మొచ్చు.

కొన్నేళ్లకు, మా హీరో ఒక హిందీ సినిమాను మళ్లీ తెలుగులో తీస్తాండాడని గుమాస్తా ఇంకొక వార్త తెచ్చినాడు. దాంట్లో హీరో విలన్ కాళ్లు పట్టుకుంటాడంట. మామ చెంపల మీద నురగతో కూర్చొని ఉన్నాడు.

“మా హీరో ఎవరి కాళ్లూ పట్టుకోడు.”

“పట్టుకుంటే?” అన్నాడు సెలూన్ ఆయప్ప, కత్తి పట్టా మీద రుద్దుతా.

“మీసం.”

“సరే మామా,” అన్నాడు ఆయప్ప. “ముందు పాత పందేనికి పదును రానీ.”