సూర్యలంక నుంచి వెలగపూడికి: కారా, రైలా, పెదకాకాని నిమ్మకాయలా?

పదకొండేళ్ళు కాంట్రాక్టు లెక్చరరుగా చేశాక ఉద్యోగం పర్మనెంటు చేస్తామని కబురొచ్చింది. సోమవారం పదకొండింటికి వెలగపూడి ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. రాకపోతే ఇంకో అవకాశం లేదని ఆ కాగితంలోనే రాశారు. కానీ అప్పటికే మా ఆడపడుచు వాళ్ళతో కలిసి సూర్యలంక బీచ్‌లో రెండు రోజులకు గదులు తీసుకున్నాం. మానేయడం ఇష్టంలేక, “సోమవారం పొద్దున్నే అక్కణ్ణించే వెళ్ళిపోతాను, అదెంత దూరం!” అని గొప్పగా అన్నాను.

సముద్రం నుంచి రాజధానికి మూడు దార్లున్నాయి. బస్సులో బాపట్ల, పొన్నూరు, గుంటూరు, మంగళగిరి మీదుగా వెళ్తే రెండొందల లోపే అవుతుంది గానీ మారుతూ మారుతూ మూడున్నర గంటలు పడుతుంది. బాపట్లలో రైలెక్కితే తెనాలి నలభై నిమిషాలు, అక్కణ్ణించి మంగళగిరికి బస్సో ఆటోనో దొరుకుతుంది. మా ఆయన రైలు మనిషి. “రైలుకి ట్రాఫిక్ ఉండదే!” అని రాత్రంతా చెప్పారు. ఇస్త్రీ చీర నలిగిపోతుందని నేను రెండున్నర వేలిచ్చి కారే మాట్లాడుకున్నాను.

మా ఆయన్ని ఆడపడుచు వాళ్ళతో అక్కడే ఉండమని, నేనొక్కదాన్నే ఆరుంపావుకి బయల్దేరాను. డ్రైవరు మస్తాన్‌రావుది బాపట్లే. సీట్లకి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యని కొత్త బండి. పొన్నూరు దాకా హాయిగా సాగింది. గుంటూరు దగ్గర మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, నింపుకున్న లారీల వెనక పడ్డాం. అద్దాలు ఎత్తినా ఘాటు ఆగలేదు, ఇద్దరం పోటీపడి తుమ్మాం. ఊరు దాటి హైవే ఎక్కాక హమ్మయ్య అనుకున్నానో లేదో, పెదకాకాని దగ్గర బండి పక్కకి తిరిగింది.

“ఇటెక్కడికండీ?”

“గుడికండి. నిన్ననే వచ్చింది బండి. పూజ చేయించకుండా పెదకాకాని దాటిపోయానంటే మా అమ్మ ఇంట్లోకి రానియ్యదండి. పది నిమిషాలండి, అంతే.”

“నా ఉద్యోగం పోతే మీ అమ్మగారు ఇప్పిస్తారా?”

“ఎందుకు పోద్దండి? ఇంకా ఎనిమిదే కదండి!”

ముందు ఆరు బళ్ళున్నాయి. ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినన్ని మాటలన్నాను. అతను వింటూనే వెళ్ళి కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు కొనుక్కొచ్చాడు. మా వంతు వచ్చాక పూజారిగారు తలుపులన్నీ తెరిపించి, “డిక్కీ కూడా తియ్యి నాయనా, నీళ్ళు కారుతున్నాయి చూడు” అన్నారు.

డిక్కీలో పసుపు సంచి ఉంది. మా మరిది పెళ్ళిలో తాంబూలంతో పాటు ఇంటికొకటి చొప్పున పంచిన గుడ్డ సంచి అది. నా సర్టిఫికెట్ల ఫైలు అలాంటి దాంట్లోనే పెట్టాను. తెరిస్తే ఆడపడుచు పిల్లల తడి నిక్కర్లు, పిడికెడు ఇసుక, రెండు గవ్వలు. వాళ్ళకీ అదే సంచి వచ్చిందన్న సంగతి నాకు తట్టనేలేదు.

గుడి గోడ పక్కనే కూలబడ్డాను. మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చేశాను.

“ఏడవకు. సంచి ఇక్కడే కుర్చీకి వేలాడుతోంది. ఎనిమిదీ నలభైకి బాపట్లలో రైలుంది. నువ్వు మంగళగిరి బస్టాండులో ఉండు” అన్నారాయన.

నిమ్మకాయలు చక్రాల కింద చిట్లుతుంటే మస్తాన్‌రావు, “సార్ వచ్చేస్తారండి, మీరు భయపడమాకండి” అన్నాడు. కళ్ళు తుడుచుకుని బండెక్కాను.

మంగళగిరిలో గంటన్నర నిలబడ్డాను. అతను తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పకుండానే పట్టుకుని, వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగిచూశాను. పదీ ఐదుకి తెనాలి ఆటో ఆగింది. అందులోంచి మా ఆయన, చొక్కా గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుని, పసుపు సంచిని చంటిపిల్లలా రెండు చేతులా పొదువుకుని దిగారు. ఆ క్షణంలో ఆయనంత అందగాడు లేడనిపించింది. “రైలుకి ట్రాఫిక్ ఉండదే” అన్నారు మళ్ళీ. అననిచ్చాను.

పదీ నలభైకి వెలగపూడిలో ఉన్నాం. పదకొండున్నరకల్లా సంతకాలైపోయాయి. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఇప్పుడు తలుచుకుంటే ఒకటే అనిపిస్తుంది. ఆ పొద్దున ఆ పూజ తప్పించాలని శతవిధాలా పోట్లాడాను. మస్తాన్‌రావు నా మాట విని ఉంటే, తడి నిక్కర్లు పట్టుకుని వెలగపూడి ఆఫీసు గుమ్మంలో నిలబడేదాన్ని. తిరుగు దారిలో పెదకాకాని రాగానే నేనే “ఆపండి” అన్నాను. “మళ్ళీ పూజెందుకండి?” అన్నాడతను. పూజకి కాదు, వాళ్ళమ్మగారికి నా తరఫున ప్రసాదం పంపడానికి.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నా సలహా: టైము ముఖ్యమైతే తెనాలి దాకా రైల్లో వెళ్ళండి, సామాను ఎక్కువైతే కారు మాట్లాడుకోండి. దేంట్లో వెళ్ళినా ముఖ్యమైన కాగితాల్ని మాత్రం పెళ్ళిలో ఇచ్చిన సంచిలో పెట్టకండి.