గంగారత్నం కట్టిన టెన్నిస్ నెట్టు

గంగారత్నానికి ప్రతిదీ అడిగి తెలుసుకోవాలని ఉండేది. పటమటలో ఏ గుమ్మం ముందు చేపల గంప దించినా, బేరం అయిపోయాక ఒక ప్రశ్న వేయకుండా కదిలేది కాదు. రేడియోలో మనిషి ఎక్కడ కూర్చుని మాట్లాడతాడు? మీ అబ్బాయి ఆఫీసులో పొద్దస్తమానం ఏం రాస్తాడు? కొందరు విసుక్కునేవాళ్ళు. కొందరు నవ్వి, ఓపిగ్గా చెప్పేవాళ్ళు.

ఆమె పుట్టింది బందరు అవతల, సముద్రపు ఒడ్డు పల్లెలో. పదేళ్ళ వయసుకే వల అల్లడం చేతికొచ్చింది. పెళ్ళయ్యాక బెజవాడలో కాపురం. మొగుడు సూరయ్య కృష్ణలో వేటకు వెళితే, వలలు బాగుచేయడమూ చేపలు అమ్మడమూ ఆమె పని.

డెబ్బయి నాలుగు డిసెంబరులో ఒక పొద్దున తిరుపతిరావు ఆమెను పిలిచాడు. అతను పటమటలోనే ఉంటాడు. బందరు రోడ్డు పక్కనున్న ఒక క్లబ్బులో మార్కరు. టెన్నిస్ కోర్టు చూసుకుంటూ, వచ్చినవాళ్ళకు ఆట నేర్పుతుంటాడు.

"గంగారత్నం, నువ్వు వలలు కడతావుగా! మా నెట్టు ఎలకలు కొట్టేశాయి. ఎల్లుండి నించి పోటీలు. మద్రాసు నించి రావాల్సిన కొత్తది ఇంకా రాలేదు. ఓసారి వచ్చి చూడు."

"ఏం పోటీలండీ?"

"టెన్నిస్. సాయంత్రాలు మగవాళ్ళవి, పొద్దున పూట ఆడవాళ్ళవి. గెలిచినవాళ్ళకి డబ్బులు కూడా ఇస్తారు."

"ఆడోళ్ళు ఆటాడితే డబ్బులిస్తారా!"

గంపలో ఇంకా సగం చేపలున్నాయి. అయినా గంప ఎత్తుకుని అతని వెనకే నడిచింది.

ఎర్రమట్టి కోర్టుకు అడ్డంగా నల్లటి నెట్టు వేలాడుతోంది. గంగారత్నం దాని కంతలో వేలు పెట్టి చూసింది.

"కన్ను ఇంత చిన్నదేందండీ?"

"బంతి దూరకూడదు గదా."

"అంటే ఇది పట్టుకోడానికి కాదు, ఆపటానికి," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. తిరుపతిరావు ఆ మాటకు ఆమె వంక ఒకసారి చూశాడు.

నేల మీద కూర్చుని, వెదురు సూదికి దారం చుట్టి, నడిమి భాగంలో ఎలకలు కొట్టిన మూడు బొక్కలూ కట్టేసింది. పాత ముడికీ కొత్త ముడికీ తేడా తెలియకుండా కట్టింది. లేవబోతూ మొత్తం నెట్టు మీద చెయ్యి వేసి తడిమింది. అవతలి స్తంభం వైపు, నెట్టు పై అంచున కుట్టిన తెల్లపట్టీకి జానెడు కింద, దారం వేళ్ళకు మెత్తగా తగిలింది. గట్టిగా లాగి చూసింది. తెగలేదు. గంప మీదికి ఎండ వచ్చేసింది. ఈ నాలుగు రోజులకు ఆగుతుందిలే అనుకుని వెళ్ళిపోయింది.

పేరున్న ఆటగాళ్ళు వచ్చే పోటీ కాదది. మద్రాసు నించి, హైదరాబాదు నించి, విశాఖపట్నం నించి పదహారుమంది ఆడపిల్లలు వచ్చారు. పొద్దున ఎనిమిదింటికి చూసేవాళ్ళు పాతికమంది కూడా లేరు. గంగారత్నం గంప త్వరగా ఖాళీ చేసుకుని వచ్చి, ఆ అవతలి స్తంభం పక్కనే, కంచెకి ఆనుకుని నిలబడింది. తన ముడులు ఆగుతున్నాయో లేదో చూసుకోవాలని వచ్చింది. పావుగంటలో ముడుల సంగతి మరిచిపోయింది.

"తిరుపతిరావు గారూ, పదిహేను, ముప్పై అన్నారు. బానే ఉంది. తరవాత నలభై అయిదు గదండీ రావాల్సింది? నలభై అంటాడేంది?"

"అది అంతే."

"ఎవురు తగ్గించారండీ ఆ అయిదూ?"

"నాకు తెలీదు తల్లీ. ఇరవయ్యేళ్ళ నించీ ఇక్కడున్నా, ఎవరూ అడగలా!"

రెండో రోజుకు ఆమెకు లెక్క వచ్చేసింది. సున్నాను లవ్ అంటారనీ, ఇద్దరూ నలభైలో ఉంటే డ్యూస్ అంటారనీ, అక్కణ్ణించి వరసగా రెండు గెలవాలనీ పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలకు తనే చెప్పింది.

ఆ పదహారుమందిలో ఆమెకు నచ్చిన మనిషి మాణిక్యం. గుడివాడలో డ్రిల్లు టీచరు, పాతికేళ్ళుంటాయి. బందరులో మార్కరుగా చేసిన తండ్రి దగ్గర ఆట నేర్చుకుంది. రెండు ఆటలు గెలిచింది. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే గంగారత్నం వెళ్ళి అడిగింది.

"టీచరమ్మా, బంతి ఎటొస్తుందో ముందే ఎట్టా తెలుస్తదండీ మీకు?"

"బంతిని చూడనమ్మా, అవతలి మనిషి భుజం చూస్తాను," అంది మాణిక్యం. తర్వాత, "నన్ను ఇంతవరకూ ఆట గురించి ఎవరూ అడగలేదు. పెళ్ళెప్పుడని అడుగుతారు," అని నవ్వింది.

మూడో రోజు సెమీ ఫైనలు. మాణిక్యానికి ఎదురు ఒక మద్రాసు అమ్మాయి. చెరో సెట్టూ గెలిచారు. మూడో సెట్టులో చెరి నాలుగు గేములు. మద్రాసు అమ్మాయి సర్వీసు. అంపైరు బసవపున్నయ్య గారు ఎత్తు కుర్చీలోంచి "థర్టీ, ఫార్టీ" అన్నారు. ఇంకొక్క పాయింటు వస్తే గేము మాణిక్యానిది.

మాణిక్యం పరుగెత్తుకొచ్చి, వంగి, పక్కగీత వెంబడి బలంగా కొట్టింది. బంతి అవతల గీత లోపల పడి దాటిపోయింది. మద్రాసు అమ్మాయి అందుకోలేకపోయింది.

"గేమ్, మిస్ మాణిక్యం!"

చప్పట్లు కొట్టారు. గంగారత్నం కొట్టలేదు. బంతి పట్టీ మీదుగా పోలేదు. పట్టీకి జానెడు కింద నెట్టు ఒక్కసారి వణికింది, బంతి అందులోంచి అవతలికి వచ్చింది. అంపైరు కుర్చీ నెట్టుకు రెండో చివర ఉంది. ఆయనకు కనబడలేదు. కనబడింది తనొక్కదానికే.

నోరు విప్పితే గేము పోయేది మాణిక్యానికి, మాటపడేది తను. ఆ దారం మెత్తగా ఉందని ఆ రోజే తన వేళ్ళకు తెలుసు. కంచె పట్టుకుని ముందుకు వంగింది. అవతల మద్రాసు అమ్మాయి తల వంచుకుని తువ్వాలు తీసుకోబోతోంది.

"అయ్యగారూ! బంతి వల్లోంచి దూరిందండీ!"

అందరూ తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. బసవపున్నయ్య గారు నవ్వలేదు. కుర్చీ దిగి, నెట్టు వెంబడి నడిచి వచ్చారు. వేలితో తోస్తే మూడు కళ్ళు తెగిన చోట చెయ్యి అవతలికి వెళ్ళింది.

"ఎవరు కట్టారిది?"

తిరుపతిరావు మొహం తెల్లబోయింది.

"నేనేనండీ," అంది గంగారత్నం. "అక్కడ దారం నీరసంగా ఉందని చూశానండీ. ఆగుద్దనుకున్నా. తప్పు నాదే."

ఆయన మాణిక్యం వైపు చూశారు.

"పైనుంచి పోయిందనే అనుకున్నానండీ," అంది మాణిక్యం. "ఆవిడ దగ్గరుండి చూశారు. ఆవిడ చెప్పిందే రాసుకోండి."

ఆ పాయింటు మద్రాసు అమ్మాయికి పోయి డ్యూస్ అయింది. అక్కడికక్కడే ఆట ఆపి నెట్టు కట్టించారు. గంగారత్నం మోకాళ్ళ మీద కూర్చుని కడుతుంటే అక్కడున్నవాళ్ళంతా ఆమె చేతులనే చూశారు. చెమట కళ్ళలోకి కారింది. ఒక్క ముడీ తప్పలేదు.

ఆట మళ్ళీ మొదలయ్యాక మాణిక్యం ఆ గేమూ పోగొట్టుకుంది, ఆ తర్వాతి గేమూ పోగొట్టుకుని ఓడిపోయింది. గంగారత్నం వెళ్ళిపోదామని గంప ఎత్తుకుంటుంటే మాణిక్యమే వచ్చింది.

"నా వల్ల పోయిందమ్మా మీకు," అంది గంగారత్నం.

"ఆ పాయింటు ఒక్కటేగా మీ వల్ల పోయింది. మిగతావన్నీ నేను పోగొట్టుకున్నవే." మాణిక్యం మొహంలో బాధ ఉంది, దాచుకోలేదు. గంగారత్నం చేతుల వంక చూసి అడిగింది, "ఆ ముడి ఎట్లా వేస్తారు? చూపిస్తారా? మా స్కూల్లో వాలీబాల్ నెట్టు చిరిగిపోయి ఏడాదైంది."

ఇద్దరూ కంచె నీడన కూర్చున్నారు. గంగారత్నం తీరిగ్గా వేసి చూపించింది. మాణిక్యానికి ఏడోసారికి వచ్చింది.

ఆ తర్వాత గుడివాడ స్కూలు నెట్టు మాణిక్యంతో కలిసి గంగారత్నం కట్టింది. ఆ మాట విని బెజవాడలో రెండు కాలేజీల వాళ్ళు పిలిచారు. క్లబ్బుకు మద్రాసు నెట్టు వచ్చినా ఏటా పోటీలకు ముందు ఆమె వచ్చి తడిమి చూసి సరేనంటే గాని తిరుపతిరావు ఆట మొదలుపెట్టనిచ్చేవాడు కాదు.

మరుసటి ఏడు మాణిక్యం మళ్ళీ వచ్చింది. మొదటి ఆటలోనే ఓడింది. మధ్యాహ్నం కోర్టు ఖాళీగా ఉన్నప్పుడు గంగారత్నం చేతికి బ్యాటు ఇచ్చింది. గంగారత్నం చీర కొంగు నడుముకు బిగించింది. మొదటి బంతి తగల్లేదు, రెండోదీ తగల్లేదు. మూడోది తగిలి, కంచె దాటి బందరు రోడ్డు మీద పడింది. ఆమె బ్యాటు దించి, మోచేతిని పట్టుకుని చూసుకుంది.

"ఇదేందండీ, ఇక్కడిదాకా జుమ్మంటోంది! మీకూ ఇట్టాగే ఉంటదా?"

"మొదట్లో ఉండేది," అంది మాణిక్యం, ఇంకో బంతి తీస్తూ.