భట్టిప్రోలులో పేలిన తలనొప్పి

భట్టిప్రోలులో మా అత్తగారి వీధికి వెళ్లి నా పేరు చెబితే ఎవరికీ తెలియదు. "తలనొప్పి అల్లుడు" అనండి, గుమ్మం దాకా తీసుకొచ్చి దింపుతారు. ఈ బిరుదు నాకు ఒక్క సాయంత్రంలో, ఒక్క వైరు వల్ల వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి. నా పరువులో ఇంకా పోవలసిందేం మిగల్లేదు.

మాది తెనాలి. పెళ్లిచూపుల్లో మామగారు, రిటైరైన హెడ్మాస్టరు, అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగితే, మా అమ్మ ఏమీ లేవండి అని చెప్పేసింది. వీడియో గేముల సంగతి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. నా భార్య సునీతకి మాత్రం పెళ్లయిన వారంలోనే తెలిసిపోయింది.

"మా నాన్న ముందు ఆ గేముల డబ్బా తీయకండి. మా అల్లుడంత బుద్ధిమంతుడు లేడని ఊరంతా చెప్పుకుంటున్నారాయన" అని బతిమాలింది. సరేనన్నాను. సరేనని, ఆ డబ్బాని ప్యాంట్ల మధ్య చుట్టి బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను.

మేం వెళ్లిన సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. ఆ బుద్ధిమంతుణ్ణి పదిమందికీ చూపించాలని మామగారు పెట్టించిందే. వాకిట్లో షామియానా, డాబా మీద మైకు హారన్లు. ఆంప్లిఫయరు మాత్రం మాకిచ్చిన గదిలో, కిటికీ పక్కన పెట్టారు. అదే గదిలో మా బావమరిది కంప్యూటరు ఉంది. ఆ మానిటరు చూడగానే నేను తల పట్టుకున్నాను.

"తలనొప్పా బాబూ?" అంది అత్తగారు కంగారుగా.

"కాసేపు పడుకుంటే తగ్గుతుందండి" అన్నాను, వీలైనంత నీరసంగా. పాపం ఆవిడ జండూబామ్ చేతికిచ్చి, కూలరు వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

కంప్యూటరుకున్న కేబులు పీకి నా డబ్బాకి గుచ్చాను. బొమ్మ దివ్యంగా వచ్చింది, శబ్దమే లేదు. ఆ మానిటరుకి స్పీకర్లు లేవు మరి, వెనకాల ఇయర్‌ఫోన్ల రంధ్రం ఒకటుంది అంతే. నా ఇయర్‌ఫోన్లు తెనాలిలో ఉండిపోయాయి. అటూ ఇటూ చూస్తే, మైకు సెట్టాయన ఫోన్లోంచి పాటలు వేసే సన్నటి వైరు ఆంప్లిఫయరుకి వేలాడుతోంది. దాని కొస తీసి మానిటరు రంధ్రంలో పెడితే సరిగ్గా సరిపోయింది. శబ్దం ఆ పెట్టెలోంచే వస్తుందనుకున్నాను. నవ్వకండి, నేను చదివింది ఎంకాం.

పెట్టె పలకలేదు. వాల్యూము పెంచాను. ఇంకా పెంచాను. పోనీలే, శబ్దం లేకుండానే ఆడదామని ఆటలో తుపాకీ ఎత్తాను. అదేం ఖర్మో, అప్పుడే బయట ఎవరో టపాకాయలు కాల్చడం మొదలెట్టారు. అవతల ప్రార్థన జరుగుతుంటే ఈ టపాకాయలేంటి, బొత్తిగా భక్తి లేదు మనుషులకి అని విసుక్కున్నాను. నేను మీట నొక్కినప్పుడల్లా వాడు ఒకటి కాలుస్తున్నాడు. అదీ గమనించాను. గమనించి, లేచి వెళ్లి కిటికీ మూశాను.

బయట జరిగింది తర్వాత సునీత చెప్పింది. అత్తగారు అడిగితే పాస్టరు గారు నా తలనొప్పి కోసం ప్రార్థన చేస్తున్నారట. ఆ మోతలకి మైకు పాడైందనుకుని, ఊరంతా కళ్లు మూసుకునే ఉందట. "ప్రభువా, మంచం మీదున్న ఈ బిడ్డను లేవనెత్తు" అని ఆయన అనగానే, డాబా మీది హారన్లు "గేమ్ ఓవర్" అన్నాయట.

తలుపు తెరుచుకుంది. ముందు మామగారు, వెనక పాస్టరు గారు, ఆ వెనక వీధి మొత్తం. నా చేతిలో రిమోటు, మానిటరు నిండా శవాలు. సునీత ముఖం చూడలేకపోయాను. నిజంగా సిగ్గేసింది. మామగారు మానిటరునీ వైరునీ నన్నూ వరసగా చూశారు.

పాస్టరు గారే గొంతు సవరించుకున్నారు. "హెడ్మాస్టరు గారూ, మన ప్రార్థన ఫలించిందండి. అబ్బాయి లేచి కూర్చున్నాడు."

ముందు నవ్వింది మామగారే. నవ్వి, వైరు తీసి నా చేతిలో పెట్టి, రేపట్నుంచి మన కూడికలకి మైకు సెట్టు నువ్వే చూసుకోవాలన్నారు. ఇప్పటికీ చూసుకుంటున్నాను.

ఆంప్లిఫయరు మీద చెయ్యేసి ఆ రోజే ప్రమాణం చేశాను: రెండో కొస ఎక్కడుందో చూడకుండా ఈ జన్మలో ఏ వైరూ గుచ్చను, భట్టిప్రోలు పొలిమేరల్లో తలనొప్పి అన్న మాట ఎత్తను. మొన్న ఎండలో వచ్చి నిజంగానే తల పగిలిపోతున్నా నోరు మెదపలేదు. అత్తగారే నా వాలకం కనిపెట్టి, జండూబామ్ తెచ్చి పక్కన పెట్టి, మెల్లగా అడిగింది.

"ఎన్నో లెవెల్లో ఉంది బాబూ?"